గ్రాము కోసం గుట్ట

నడిగడ్డ కింద బంగారు పట్టీ. వనపర్తి చుట్టూ కొండరాయి. నల్లమల పీఠభూమిలో యురేనియం. మూడు జిల్లాల నేల కింద ఏముందో శాస్త్రవేత్తలు చాలావరకు చెప్పేశారు. దాన్ని పైకి తీయడం అంటే ఏమిటి, తీశాక మనకు మిగిలేది ఏమిటి అన్నది ఈ వారం ముఖచిత్ర కథనం.

పెళ్లి కుదిరిందంటే గద్వాలలో రెండు దుకాణాల మెట్లు ఎక్కక తప్పదు. ఒకటి చీరల దుకాణం, రెండోది బంగారం దుకాణం. నాలుగు తులాల పుస్తెలతాడును సేటు కాంటా మీద పెడతాడు. మిల్లీగ్రాము దగ్గర కూడా అంకె ఆగి ఆగి కదులుతుంది. పెళ్లికూతురు తల్లి, మేనమామ, అందరి కళ్లూ ఆ అంకె మీదే.

ఆ కాంటా చూపించని లెక్క ఇంకొకటి ఉంది. తులం అంటే పది గ్రాములు. టన్ను రాయిలో మూడు గ్రాముల బంగారం దొరికే గని అనుకుందాం. నాలుగు తులాలకు పదమూడు టన్నులకు పైగా రాయి కావాలి. అంటే ఒక టిప్పరు లోడు. ఆ రాయినంతా పిండి కొట్టి, మందులో నానబెట్టి, బంగారం లాగేశాక బరువులో తగ్గేది నలభై గ్రాములే. మిగతా పదమూడు టన్నులూ అలాగే ఉంటాయి, అయితే ఇప్పుడు రాయిగా కాదు, రసాయనం కలిసిన బురదగా. దాన్ని ఎక్కడో ఒకచోట పోయాలి. ఎవరి ఊరి పక్కనో, ఏ వాగు ఎగువనో.

ఖనిజం గురించి మాట్లాడేటప్పుడు అందరం ఆ నలభై గ్రాముల సంగతే మాట్లాడతాం. పదమూడు టన్నుల సంగతి ఆ ఊరివాళ్లకు వదిలేస్తాం. 2016 అక్టోబర్ 11న పాలమూరు నుంచి విడిపోయిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు రెండో లెక్కను ముందు వేసుకోవాల్సిన చోటు. ఎందుకంటే ఈ మూడు జిల్లాల్లో ఎక్కడ చుక్క పడ్డా అది చివరికి చేరేది కృష్ణలోకే.

దిండ్లు పేర్చినట్టున్న రాయి

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్నది కాబట్టి నడిగడ్డ. పైన విత్తన పత్తి చేలు, జూరాల కాలువలు. కింద సంగతి వేరు. గద్వాల దగ్గర మొదలై దక్షిణానికి, తుంగభద్ర దాటి కర్నూలు దిక్కు సాగే ఒక సన్నని రాతి పట్టీ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని గద్వాల షిస్టు బెల్టు అంటారు. చుట్టూ ఉన్నది మనకు తెలిసిన బూడిదరంగు కొండరాయి. ఈ పట్టీలోది మాత్రం ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లరాయి. దీని వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే.

ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా. చల్లటి నీళ్లలో పడిన లావా ముద్దలు ముద్దలుగా గడ్డకట్టి, దిండ్లు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలిచిపోతుంది. ఆ దిండ్ల ఆకారం ఈ పట్టీలో ఇప్పటికీ కనిపిస్తుంది. సముద్రం ఆనవాలే లేని చోట, వానకు ముఖం వాచిన నేల కింద, సముద్రపు అడుగు ఉంది.

బంగారం లావాతో రాలేదు. తర్వాత ఎప్పుడో భూమి లోతుల్లోంచి వేడినీళ్లు రాతి పగుళ్ల వెంట పైకి ఎక్కాయి. దారిలో ఉన్న రాళ్లలోంచి చిటికెడు చిటికెడు బంగారాన్ని కరిగించుకుని తెచ్చి, చల్లబడిన చోట పలుగురాయితో పాటు దాన్ని వదిలేశాయి. అందుకే ఇలాంటి నేలల్లో బంగారం వెతికేవాడు ముందు తెల్లటి పలుగురాతి ఈనెల కోసం చూస్తాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ బంగారాన్ని తెచ్చి దాచింది నీరు. నల్లమలకు పోయాక మళ్లీ ఇదే మాట ఎదురవుతుంది.

గద్వాల పట్టీలో బంగారం ఆనవాళ్ల కోసం జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వెతికింది. నడిగడ్డలో బంగారు గని మాత్రం ఇంతవరకు రాలేదు. గని ఎలా ఉంటుందో చూడాలంటే పడమరకు, రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టికి పోవాలి. అది మనకు మరీ పరాయి చోటేమీ కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. నిజాం రాజ్యంలో హట్టి, గద్వాల ఒకే జిల్లా.

640 అడుగుల పాత బావి

హట్టిలో ఆధునిక గని తవ్వడానికి దిగినవాళ్లకు లోపల అప్పటికే ఎవరో తవ్విన బావులు ఎదురయ్యాయి. 640 అడుగుల దాకా దిగిన పాత తవ్వకాలు. వాటిలో దొరికిన కొయ్యముక్కల వయసు కడితే సుమారు రెండు వేల ఏళ్లని తేలింది. కరెంటు లేదు, మందుగుండు లేదు, నీళ్లు తోడే మోటారు లేదు. రాతిని మంటతో కాల్చి, నీళ్లు చల్లి, పగిలినంత పగలగొట్టి, బుట్టల్లో మోసుకుని పైకి తెచ్చి ఉంటారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

అక్కడి శాసనాల కథ మాత్రం ఉంది. హట్టికి దగ్గర్లోని మస్కిలో 1915లో సి.బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరు ఒక రాతి మీద అక్షరాలు చూశాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో 'దేవానాంప్రియ ప్రియదర్శి' అనే బిరుదులే ఉండేవి. ఆ రాజు అశోకుడేనని పేరు పెట్టి చెప్పిన శాసనం మస్కిలో బయటపడింది. ఇటు కర్నూలు జిల్లాలో బంగారానికి పేరున్న జొన్నగిరి పక్కనే ఎర్రగుడి ఉంది, అక్కడా అశోకుడి శాసనాలున్నాయి. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ రెండు దిక్కుల్లో ఎక్కడిదన్న చర్చ పండితుల్లో ఇంకా ఉంది. పాటలీపుత్రం చూపు ఇంత దూరం పడిందంటే దానికి ఈ పలుగురాతి ఈనెలు ఒక కారణమై ఉండాలి.

తర్వాతి చూపు లండన్ నుంచి పడింది. 1886లో అక్కడ పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం రాజ్యంలో గనుల హక్కులు పొందింది. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తీసిందీ, హట్టిలో బంగారం తవ్వించిందీ అదే కంపెనీ. తవ్వకం పెద్దగా సాగకముందే దాని షేర్ల లావాదేవీలు ఎంత రచ్చ అయ్యాయంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్టు కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. ఖనిజం నేలలో ఉండగానే కాగితం మీద అమ్ముడుపోవడం మన నేలకు అప్పటినుంచే తెలుసు. హట్టిలో ఆ కంపెనీ తవ్వకం ఆగిపోయాక, 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మళ్లీ మొదలైందే నేటి హట్టి కంపెనీ.

రాయి లోహమయ్యే దారి

ఖనిజం తీయడమంటే గడ్డపార పట్టుకుని దిగడం కాదు. మొదటి గంప రాయి పైకి రావడానికి ముందే ఏళ్లు గడుస్తాయి.

ముందు వెతుకులాట. పటాలు గీస్తారు. వాగుల్లోని ఇసుకను, చేలల్లోని మట్టిని పట్టుకుపోయి పరీక్షిస్తారు. అనుమానం ఉన్నచోట కందకాలు తీస్తారు. తర్వాత బోరు. ఇది మన చేలో వేసే బోరులాంటిది కాదు. దీని గొట్టం కొసన వజ్రాల పళ్లు ఉంటాయి. రాతిని పిండి చేయకుండా చెరుకు గడలాంటి నిలువు ముక్కగా కోసి పైకి తెస్తుంది. దాన్ని కోర్ అంటారు. పెట్టెల్లో వరసగా పేర్చి ఏ లోతులో ఏముందో చదువుతారు. చాలాచోట్ల కథ ఇక్కడితోనే ముగుస్తుంది, తవ్వితే గిట్టుబాటు కాదని తేలుతుంది.

గిట్టుతుందంటే తవ్వకం. ఖనిజం పైపొరల్లో ఉంటే పైనుంచి గొయ్యి తీసుకుంటూ పోతారు. సింగరేణిలో దీన్ని ఓసీ అంటారు, పైనుంచి తీసి పక్కన పోసే మట్టిని ఓబీ అంటారు. లోతులో ఉంటే నిలువు బావి దించుతారు, లేదా ఏటవాలుగా ఇంక్లైన్ తీస్తారు. కార్మికుల నోట గని ఎప్పుడూ 'బాయి'యే. లోపల ఈనె వెంట అడ్డంగా దారులు తొలిచి, రంధ్రాలు వేసి, మందు పెట్టి పేలుస్తారు. పేల్చిన రాయిని పైకి లాగుతారు. ఎంత లోతుకు పోతే అంత ఊటనీరు వస్తుంది. రాత్రీపగలూ దాన్ని తోడుతూనే ఉండాలి. బాయి చుట్టుపక్కల బావుల్లో నీళ్లు కిందికి దిగేది అందుకే.

ఆ తర్వాత మిల్లు. రాయిని గులకరాళ్లంత చేసి, ఇనుప గుండ్లున్న పెద్ద పీపాల్లో తిప్పి పిండి చేస్తారు. బంగారమైతే ఆ పిండిని సైనైడ్ ద్రావణంలో కలుపుతారు. 1887లో స్కాట్లాండ్‌లో పుట్టిన పద్ధతి ఇది. బంగారం ద్రావణంలోకి దిగుతుంది, దాన్ని బొగ్గు పొడికి పట్టించి, విడదీసి, కరిగించి కడ్డీ పోస్తారు.

మిగిలిన బురదను గట్టు కట్టి నిలవ చేస్తారు. దాని పేరు టెయిలింగ్ పాండ్. పాండ్ అంటే చెరువు అనుకునేరు. చెరువు ఎండితే దున్నుకోవచ్చు, పూడికమట్టి చేనుకు బలం. ఇది ఎండితే గాలికి లేచే దుమ్ము. గట్టు తెగితే ఏమవుతుందో 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యో చూసింది. ఇనుప ఖనిజం బురద మీద పడి 270 మంది పోయారు.

కోలారు బంగారు గనుల పేరు వినని తెలుగువారు లేరు. వందేళ్లకు పైగా నడిచి, భూమిలోకి మూడు కిలోమీటర్లకు మించి దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం ఎటు పోవాలో అటు పోయింది. మూడు కోట్ల టన్నులకు పైగా మిల్లు బురద ఆ ఊళ్లోనే తెల్లటి గుట్టలై నిలిచింది. సైనైడ్ దిబ్బలంటారు. గని మూతపడి పాతికేళ్లయినా గాలి వీస్తే ఆ దుమ్ము ఊరి మీదికి వస్తుంది. నలభై గ్రాములు పోను మిగిలినదంతా అక్కడ కళ్లెదుట ఉంది.

వనపర్తిలో లెక్క తలకిందులు

బంగారం తీసిన చోట కొత్త గుట్ట లేస్తుంది. రాయి తీసిన చోట ఉన్న గుట్టే మాయమవుతుంది.

వనపర్తి దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఎవరో తీరిగ్గా పేర్చినట్టు గుండ్లు. ఖిల్లా ఘనపురం కోట రెండు గుట్టలను కలుపుతూ కట్టింది. పానగల్ కోటదీ రాతి బలమే. ఆ గోడల్లో ఒక్కో రాయి ఎంతుందో చూస్తే, దాన్ని విడగొట్టినవాడి మీద గౌరవం పుడుతుంది.

వడ్డెరలది ఆ విద్య. కొండరాయి ఎటు కొడితే అటు పగలదు. దానికో వాటం ఉంటుంది. వాటం పట్టుకుని, వరసగా చిన్న గుంతలు చెక్కి, ఇనుప చీలలు బిగించి, సమ్మెటతో ఒక్కొక్కదాని మీద సమానంగా వేసుకుంటూ పోతే ఎంతటి బండైనా గీత గీసినట్టు విచ్చుకుంటుంది. ఏ దెబ్బకు ఏ చప్పుడు వస్తే రాయి లొంగినట్టో చేతికి, చెవికి తెలియాలి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు కట్టిందీ ఈ చేతి బలంతోనే. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, ముసలి తల్లిదండ్రులను ఊళ్లో వదిలి పోయిన బతుకులు. ఎక్కడెక్కడి నీళ్లకో దారి తవ్వి తిరిగొస్తే, సొంత చేను ఎండి ఉండేది.

ఇప్పుడు గుట్ట దగ్గర సమ్మెట చప్పుడు తగ్గింది. గ్రానైట్ దిమ్మెలను వజ్రపు పూసల తీగతో జున్ను కోసినట్టు కోస్తున్నారు. గీత, పగులు, రంగు తేడా ఉన్న రాయి దిమ్మెకు పనికిరాదు. తీసినదాంట్లో ఎక్కువ భాగం పక్కన కుప్పగా పడుతుంది. ఇంకోపక్క కంకర మిషన్లు. ఇల్లు కట్టే ప్రతివాడికీ కంకర కావాలి, రోడ్డుకూ కావాలి. గుట్టలో రాయి తీయొద్దని ఎవరమూ అనలేం. అయితే గుట్ట వట్టి రాయి కాదు. దాని మీద పడిన వాన జారి కింద కుంటలోకి చేరుతుంది. కుంట కింద నాలుగు బావులు బతుకుతాయి. గుట్టను తీసేటప్పుడు కుంటను లెక్కలో రాసుకున్న కాగితం అరుదు.

లెక్కకు రానిది ఇంకొకటి, దుమ్ము. పలుగురాయిని, కొండరాయిని పొడి చేసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ రాయి కోయడం, దుమ్ము లాగే యంత్రం పెట్టడం, మంచి మాస్కు ఇవ్వడం, ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించడం పెద్ద ఖర్చులు కావు. ఆ ఖర్చు మిగుల్చుకుంటే దాన్ని కట్టేది కూలివాడి ఊపిరి.

నల్లమలలో రాతి అతుకు

అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కుతుంటే నేల మారిపోతుంది. గుండ్లు పోయి పొరలు పొరలుగా పలకల కొండ మొదలవుతుంది. ఈ కొండల రాళ్లను మొదట వివరంగా పటం గీసినవాడు విలియం కింగ్. కడప, కర్నూలు రాతి వరుసల మీద ఆయన గ్రంథం 1872లో వచ్చింది. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో చెప్పినవాడూ ఆయనే.

అమ్రాబాద్ పీఠభూమి కథ ఇది. అడుగున గద్వాల, వనపర్తిలో చూసిన పాత కొండరాయే. అది కోట్ల ఏళ్లు ఎండకూ వానకూ అరిగి చదునైంది. తర్వాత దాని మీదికి సముద్రం వచ్చింది, ఇసుక పరిచింది. ఆ ఇసుక గట్టిపడి శ్రీశైలం క్వార్ట్‌జైట్ అయింది. పాత రాయి పైముఖానికీ కొత్త రాయి అడుగుకూ మధ్య ఉన్న ఆ అతుకు దగ్గర యురేనియం చేరింది. పక్కనే నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ నిక్షేపాలూ ఈ రకానివే.

ఎలా చేరింది? ఇక్కడ కూడా నీరే. గాలి సోకిన నీటిలో యురేనియం కరుగుతుంది. పగుళ్ల వెంట ప్రయాణించి, ప్రాణవాయువు లేని చోట తగిలినప్పుడు పేరుకుంటుంది. నీరు తెచ్చి పెట్టిన వస్తువును నీరు మళ్లీ తీసుకుపోగలదు. ఆ పగుళ్లు మూసుకుని ఉన్నంతకాలం అది కదలదు. బోరు, సొరంగం, పేలుడు, పిండి కొట్టడం, ఇవన్నీ గాలికీ నీటికీ కొత్త దారులు. నల్లమలలో యురేనియం అంటే జనం ఎందుకు భయపడ్డారో రాజకీయం పక్కన పెట్టి చెప్పాలంటే ఇంతే.

ఆ భయానికి రూపం కడప జిల్లాలో ఉంది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో 2012లో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టాయి. నిల్వల పరిమాణంలో అది దేశానికి పెద్ద ఆశ. ఖనిజం గాఢత మాత్రం 0.04 శాతం చిల్లర. టన్ను రాయిలో యురేనియం ఆక్సైడ్ సుమారు నాలుగు వందల గ్రాములు, మిగతా 999 కిలోలకు పైగా బురద. మబ్బుచింతలపల్లి, కనంపల్లి, కె.కె.కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి దెబ్బతిన్నదని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. యాజమాన్యం ఆ ఆరోపణలను కాదంటూ వచ్చింది.

యురేనియం బురదకు ఇంకో గుణం ఉంది. మనకు కావలసిన యురేనియం తీసేసుకున్నాక కూడా మొదటి రేడియోధార్మికతలో 85 శాతం దాకా ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులో ఉండే థోరియం-230 సగానికి తగ్గడానికే సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు నిలిచిన గట్టును మనిషి ఇంతవరకు కట్టలేదు. అమెరికాలో న్యూ మెక్సికోలోని చర్చ్ రాక్ దగ్గర 1979 జూలై 16న యురేనియం బురద గట్టు తెగింది. 35 కోట్ల లీటర్లకు పైగా విషజలం, సుమారు వెయ్యి టన్నుల బురద పుయెర్కో నదిలో కలిశాయి. ఆ నది నవాహో ఆదివాసులది. నవాహోలు 2005లో తమ నేల మీద యురేనియం తవ్వకాన్నే నిషేధిస్తూ చట్టం చేసుకున్నారు.

2019లో ఏం జరిగింది

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో 83 చదరపు కిలోమీటర్లలో సర్వేకు, అన్వేషణకు అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ అనుమతి అడిగింది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరే అంది. తవ్వకం కాదు, వెతుకులాటే అన్నారు. ఆ వెతుకులాటకు వేయాల్సిన బోర్లే వేలల్లో ఉన్నాయి. బోరు యంత్రం పోవాలంటే రోడ్డు కావాలి, రోడ్డు కావాలంటే చెట్టు పడాలి.

అమ్రాబాద్, పదర మండలాలు కదిలాయి. ఊళ్లు బందులు చేశాయి, రోడ్ల మీదికి వచ్చాయి. సేవ్ నల్లమల అన్న మాట ఫోన్ల నిండా తిరిగింది. కవులు, విద్యార్థులు, సినిమా నటులు గొంతు కలిపారు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఆ గొంతుల్లో మొదట వినాల్సింది చెంచులది. ఫర్హాబాద్ చుట్టూ పెంటలనే చిన్న గూడేల్లో బతికే ఈ జనం గురించి మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లోనే పుస్తకం రాశాడు. తేనె తీయడం, గడ్డలు తవ్వుకోవడం వాళ్ల బతుకు. ఇనుప మొన తొడిగిన కర్రతో నేలను తవ్వే విద్య వాళ్లదీ. ఆ కర్ర తవ్విన గుంత మీద వాన పడితే మళ్లీ తీగ లేస్తుంది. తవ్వడమంటే చెంచులకు తెలిసిన అర్థం అది.

ఎదుటి వాదన కూడా చిన్నది కాదు. మన అణువిద్యుత్ కేంద్రాలకు కజకిస్తాన్ లాంటి దేశాల నుంచి యురేనియం కొంటున్నాం. కరెంటు కావాలి, బొగ్గు పొగ తగ్గాలి. ఫ్యాను కింద కూర్చుని గనులన్నీ మూసేయమనడం న్యాయం కాదు. ఈ రాత రాస్తున్న కంప్యూటర్‌లోనూ ఎక్కడివో పది గనుల లోహాలున్నాయి. అయితే శ్రీశైలం జలాశయం కింద దాదాపు వంద ఊళ్లు మునిగినప్పుడూ దేశానికి కరెంటే అవసరమైంది. ఆ ముంపు కుటుంబాల పిల్లలు జీవో 98 కింద ఉద్యోగాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఏళ్లు కొల్లాపూర్ దిక్కు ఎవరినడిగినా చెబుతారు. దేశం అవసరం తీరింది. ఇచ్చినవాళ్ల లెక్క తీరలేదు.

దోమలపెంట చీకటి

2025 ఫిబ్రవరి 22 ఉదయం, ఇదే నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. అది గని కాదు, కృష్ణ నీళ్లు నల్లగొండకు తీసుకుపోయే దారి. అయినా భూమి లోపలి పని ఏదైనా ఒకటే. పైన అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తీసే వీలు లేదు. సుమారు 44 కిలోమీటర్ల సొరంగాన్ని రెండు కొసల నుంచే తొలుచుకుంటూ రావాలి. పగిలిన రాయి తగిలిన చోట నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి.

సైన్యం, విపత్తు దళాలు, సొరంగాల నిపుణులు వచ్చారు. సింగరేణి రెస్క్యూ సిబ్బంది వచ్చారు. బొగ్గు బాయిలో ప్రాణాలు కాపాడే విద్య నల్లమల సొరంగంలో అక్కరకొచ్చింది. మార్చి నెలలో ఇద్దరి మృతదేహాలు మాత్రం బయటికి తేగలిగారు.

ఆ ఎనిమిది మందిలో నలుగురు ఝార్ఖండ్ బిడ్డలు. దేశంలో తొలి యురేనియం గని జాదుగూడ ఉన్న రాష్ట్రం అది. ఒకప్పుడు పాలమూరు మనిషి పొట్ట చేత పట్టుకుని ఊరుకాని ఊరు పోయి సొరంగాలు తొలిచాడు. ఇప్పుడు ఝార్ఖండ్ మనిషి పాలమూరుకు వచ్చి తొలుస్తూ కొండ కింద ఉండిపోయాడు. ఖనిజాలున్న నేల బిడ్డలు సుఖపడతారన్న మాట నిజమే అయితే ఆ నలుగురు ఇంత దూరం రావాల్సిన పని లేదు. పాలమూరుకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేని బాధ.

ముందు అడగాల్సినవి

చట్టాలు లేవని కాదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. లీజుదారు రాయల్టీతో పాటు దానిలో పది నుంచి ముప్పై శాతం దాకా ఆ నిధికి కట్టాలి, అది గనుల బాధిత ఊళ్లకే ఖర్చు కావాలి. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు తప్పనిసరి చేసింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన విశాఖ మన్యం నుంచే పుట్టి, ఆదివాసీ నేలను ప్రైవేటు గనులకు కట్టబెట్టడం చెల్లదని చెప్పింది. 2013లో ఒడిశాలోని నియంగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైటు వద్దంటే ఆ మాటే నెగ్గింది.

దారి ఇటు తెరుచుకుంటుంటే అటు మూసుకుంటోంది. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకూ, కీలక ఖనిజాల గనులకూ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. దేశ భద్రత కోసమని కారణం చెప్పారు. ఊరి నీళ్ల గురించి ఊరివాళ్లు మాట్లాడితే దేశ భద్రతకు వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాలేదు. అడిగే చోటు లేకపోతే, అడగాల్సిన ప్రశ్న గొయ్యి తవ్వాక కోర్టు మెట్ల మీద అడగాల్సి వస్తుంది. అప్పటికి బురద పోసేసి ఉంటుంది.

అందుకే గద్వాలలో బంగారమైనా, వనపర్తిలో గ్రానైటైనా, నల్లమలలో యురేనియమైనా గ్రామసభలో మొదటి రోజే మూడు సంగతులు తేలాలి. మిగిలే గుట్ట ఏ సర్వే నంబరులో పోస్తారు, దాని కింద వాగు ఏది? తవ్వక ముందు మా బావుల్లో నీళ్లు ఎంత లోతున, ఎంత శుభ్రంగా ఉన్నాయో ఎవరు కొలిచి, ఊరి చేతికి కాగితం ఇస్తారు? గని మూతపడ్డాక ఆ గట్టును ఎన్నేళ్లు, ఎవరి డబ్బుతో కాపలా కాస్తారు? రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఆ కాగితం చేతిలో లేకపోతే, నీళ్లు చెడ్డాక అవి ముందే చెడ్డవన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు.

ఈ ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా ఆగితే దేశానికి నష్టమన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఖనిజం టమాటా కాదు, రెండు రోజులు ఆలస్యమైతే కుళ్లిపోవడానికి. నడిగడ్డ పలుగురాతిలోని బంగారం 250 కోట్ల ఏళ్ల పాత పట్టీలో కదలకుండా ఉంది. అమ్రాబాద్ కింది యురేనియం సగానికి తగ్గడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. అది ఎక్కడికీ పోదు. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే, బురదకు సరైన దారి దొరికితే, మన మనవళ్లు తీసుకుంటారు. వద్దనుకుంటే వదిలేస్తారు. ఆ నిర్ణయం వాళ్లకు మిగిల్చడమూ మనం ఇచ్చే ఆస్తే.

ఆగనిది నీళ్లే. నల్లమల వాగులు ఈ వానాకాలం కూడా కృష్ణలోకి పారతాయి. ఆ నీళ్లే సాగర్‌లో నిలిచి హైదరాబాద్ కుళాయిల్లోకి వస్తాయి. దుకాణంలో నాలుగు తులాలు తూచే కాంటా మీద కళ్లన్నీ పెట్టిన మనం, మిగతా పదమూడు టన్నులు ఈ వాగుల్లో దేని ఒడ్డున పోస్తారో ముందుగా అడిగి ఉంచుకోవాలి.